సాలార్ జంగ్ పేరు కాదు, ఖితాబు: హైదరాబాద్ బిరుదుల మెట్లు

క్యాన్సర్ అన్న మాట వినగానే తెలంగాణ పల్లెల్లో కూడా ముందు వినిపించేది ఎం.ఎన్.జె. ఆసుపత్రి పేరు. ఎం అంటే మెహదీ, ఎన్ అంటే నవాజ్, జె అంటే జంగ్. ఇందులో ఆ మనిషి సొంత పేరు మెహదీ ఒక్కటే. మిగతా రెండు మాటలూ నిజాం ఇచ్చిన ఖితాబు, అంటే బిరుదు. 1960లో గుజరాత్‌కు మొదటి గవర్నర్‌గా వెళ్ళిన ఆయన్ని దేశమంతా ఆ ఖితాబుతోనే గుర్తుపెట్టుకుంది.

చిన్నప్పుడు మా నాన్న సాలార్ జంగ్ మ్యూజియానికి తీసుకెళ్ళినప్పుడు, గంట కొట్టే గడియారం ముందు జనంలో నిలబడి నేను అడిగిన ప్రశ్న ఒక్కటే: "సాలార్ జంగ్ అంటే రాజా?" కాదు, దివాను, అంటే ప్రధానమంత్రి అన్నారు నాన్న. మరి ఒకటో సాలార్ జంగ్, రెండో సాలార్ జంగ్, మూడో సాలార్ జంగ్ అని రాజులకు పెట్టినట్టు నంబర్లెందుకు? ఆయన దగ్గర జవాబు లేదు. నాకు ఆ జవాబు దొరకడానికి చాలా ఏళ్ళు పట్టింది. దొరికాక మాత్రం హైదరాబాద్ వీధుల పేర్లు, పాఠ్యపుస్తకాల్లోని నవాబుల పేర్లు అన్నీ కొత్తగా అర్థమయ్యాయి.

ఆ జవాబు పేరులోని చివరి మాటలో ఉంది. అసఫ్‌జాహీల, అంటే నిజాం వంశం కాలంలో ఒక అమీరు (ప్రభువు) హోదా ఎంతో తెలుసుకోవాలంటే ఆయన ఖితాబు దేనితో ముగుస్తుందో చూడాలి. అన్నిటికన్నా కింద ఖాన్, ఖాన్ బహద్దూర్. ఆ పైన జంగ్, దాని పైన దౌలా, ఇంకా పైన ముల్క్, ఆ తర్వాత ఉమ్రా. అందరికన్నా పైన జా. జంగ్ అంటే యుద్ధం, దౌలా అంటే రాజ్యాధికారం, ముల్క్ అంటే దేశం. ఉమ్రా అమీర్ అనే మాటకు బహువచనం, అంటే ప్రభువర్గమంతా. జా అంటే హోదా, అంతస్తు. యుద్ధంలో పనికొచ్చే మనిషి దగ్గర మొదలై, రాజ్యానికి ఆసరా, దేశానికి వెలుగు, ప్రభువులందరిలో మేటి అనిపించుకుని, చివరికి ఆకాశంతోనో సూర్యుడితోనో సమానమైన అంతస్తు వరకు ఎక్కడం అన్నమాట. ముందు వచ్చే మాట మనిషిని బట్టి మారుతుంది. మెట్టు చెప్పేది మాత్రం చివరి మాటే.

మధ్యలో ఉల్, ఉద్, ఉస్ అని రకరకాలుగా రావడం కూడా చాలామందిని తికమక పెడుతుంది. అవి వేరువేరు మాటలు కావు. అరబీలో 'ది' అనే అర్థమిచ్చే అల్ అది. తర్వాతి మాట ద, స, ర, న లాంటి హల్లుతో మొదలైతే ఆ 'ల్' కూడా అదే హల్లుగా మారిపోతుంది. అందుకే ముల్క్‌కు ముందు ఉల్, దౌలాకు ముందు ఉద్, సల్తనత్‌కు ముందు ఉస్. మన సంధి లాంటిదే.

ఒకే మనిషి ఈ మెట్లన్నీ ఎక్కితే ఎలా ఉంటుందో చూడటానికి ఆస్మాన్ జా కన్నా మంచి ఉదాహరణ నాకు తెలీదు. ఆయన అసలు పేరు మహమ్మద్ మజహరుద్దీన్ ఖాన్, పాయెగా అనే పెద్ద ప్రభువుల ఇంటివాడు. ఆయనకు వచ్చిన ఖితాబులు వరసగా రఫత్ జంగ్, బషీర్ ఉద్ దౌలా, ఉమ్దత్ ఉల్ ముల్క్, ఆజమ్ ఉల్ ఉమ్రా, చివరికి ఆస్మాన్ జా. జంగ్, దౌలా, ముల్క్, ఉమ్రా, జా: ఒక్క మెట్టూ తప్పలేదు. 1887 నుంచి కొన్నేళ్ళు హైదరాబాద్ ప్రధానమంత్రిగా పనిచేశారు. ఆయన రెండు మెట్లు ఈ రోజుకీ నగరం మ్యాపులో ఉన్నాయి. బషీర్‌బాగ్ ఆయన దౌలా బిరుదు మీద వచ్చిన పేరు. అక్కడ ఆయన కట్టించిన ప్యాలెస్ ఇప్పుడు లేదు, పేరు మిగిలింది. మలక్‌పేట దగ్గర గుట్ట మీద కట్టించిన ఆస్మాన్‌గఢ్ ఆయన జా బిరుదు మీద వచ్చింది. బషీర్‌బాగ్‌లో ప్రెస్ మీట్ ముగించుకుని ఆస్మాన్‌గఢ్ వైపు ఇంటికి వెళ్ళే విలేకరికి తను ఒకే మనిషి రెండు పేర్ల మధ్య ప్రయాణిస్తున్నానని తెలిసే అవకాశం తక్కువ.

ఇలా చదువుతూ పోతే చాలా పేర్లు విప్పుకుంటాయి. అఫ్జల్‌గంజ్ అఫ్జల్ ఉద్ దౌలా పేరు. సికింద్రాబాద్ సికిందర్ జా పేరు. మొజంజాహీ మార్కెట్ ఏడో నిజాం రెండో కొడుకు మొజ్జమ్ జా పేరు. ఎర్రమంజిల్ కట్టించినది ఫఖ్ర్ ఉల్ ముల్క్, అంటే దేశానికి గర్వకారణం. వికారాబాద్ వికార్ ఉల్ ఉమ్రా పేరు, ఫలక్‌నుమా కట్టించిన ప్రభువు ఆయనే. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. వికార్ ఉల్ ముల్క్ అని ఇంకొకాయన ఉన్నారు. ఆయన ముష్తాక్ హుస్సేన్, ఉత్తరాది నుంచి వచ్చి హైదరాబాద్ కొలువులో పనిచేసి, తర్వాత అలీగఢ్ కాలేజీ వ్యవహారాల్లోనూ 1906లో ముస్లిం లీగ్ స్థాపనలోనూ ముందు నిలబడ్డ మనిషి. చివరి మాట గమనించకపోతే ఫలక్‌నుమా కట్టించినాయనే ముస్లిం లీగ్ పెట్టాడని చదువుకుంటాం.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన తప్పు కూడా జరుగుతుంది. ఒకే మనిషిని ముగ్గురనుకోవడం. రెండో నిజాం దివాను గులాం సయ్యద్ ఖాన్‌ను కొన్నేళ్ళ రికార్డుల్లో ముషీర్ ఉల్ ముల్క్ అంటారు, తర్వాత అజీమ్ ఉల్ ఉమ్రా అంటారు, ఆ తర్వాత అరస్తూ జా. అరస్తూ అంటే అరిస్టాటిల్. 1795లో ఖర్డా యుద్ధంలో ఓడాక మరాఠాలు పుణేకు తీసుకుపోయింది ఈయన్నే. బిరుదు పెరిగినప్పుడల్లా రికార్డులో పేరు మారిపోయింది. ఆ కాలపు ఉత్తరాలు చదివేవాళ్ళు ముందుగా తయారుచేసుకోవాల్సింది ఎవరికి ఏ ఏడు ఏ ఖితాబు వచ్చిందన్న పట్టిక.

అయితే ఈ పద్ధతిలో ఒక చిక్కు ఉంది. జనం ఎప్పుడూ పెద్ద బిరుదుతోనే పిలవాలని లేదు. ఒకటో సాలార్ జంగ్‌నే తీసుకోండి. మీర్ తురాబ్ అలీ ఖాన్ 1853లో, ఇరవై నాలుగేళ్ళ వయసులో, చిన్నాన్న సిరాజ్ ఉల్ ముల్క్ చనిపోయాక దివాను అయ్యారు. తాత మునీర్ ఉల్ ముల్క్ కూడా దివానే. తురాబ్ అలీకీ షుజా ఉద్ దౌలా, ముఖ్తార్ ఉల్ ముల్క్ అనే పై మెట్ల ఖితాబులు వచ్చాయి. హైదరాబాద్ ఉర్దూ రాతల్లో ఆయన ముఖ్తార్ ఉల్ ముల్కే. కానీ ఇంగ్లీషువాళ్ళు మొదట అలవాటైన సాలార్ జంగ్‌తోనే ఉండిపోయారు, ముందు సర్ తగిలించారు, ప్రపంచానికి ఆ పేరే తెలిసింది. అంటే మనం ఆయన్ని ఆయన అన్నిటికన్నా చిన్న బిరుదుతో పిలుస్తున్నాం.

నిజాం అనే మాటలోనూ ఇదే జరిగింది. ఈ వంశానికి మూలపురుషుడు మీర్ ఖమరుద్దీన్. ఔరంగజేబు దగ్గర చిన్ ఖిలిచ్ ఖాన్ అయ్యాడు. 1713లో ఫరూఖ్‌సియార్ పాదుషా ఆయనకు నిజాం ఉల్ ముల్క్, ఫతే జంగ్ అనే బిరుదులిచ్చాడు. ఆ తర్వాత మహమ్మద్ షా పాదుషా ఆసఫ్ జా బిరుదిచ్చాడు. ఆసఫ్ అంటే సులేమాన్ చక్రవర్తి (బైబిల్లో సొలొమోను) మంత్రిగా ముస్లిం సంప్రదాయం చెప్పుకునే జ్ఞాని. ఖాన్, ముల్క్, జా: ఒక్క జీవితంలో మూడు పెద్ద అంగలు. వంశం పేరు పై బిరుదు నుంచి అసఫ్‌జాహీ అయింది. జనం నోట్లో మాత్రం ముల్క్ బిరుదులో సగం ముక్క నిజాం నిలబడిపోయింది. మా ఊరి పెద్దవాళ్ళు "నిజాం సర్కారు" అన్నప్పుడు వాళ్ళకు తెలియకుండానే 1713 నాటి ఒక ఢిల్లీ బిరుదును పలుకుతున్నారు.

బిరుదు ఎంత బరువైనదో చెప్పడానికి ఇంకో లెక్క ఉంది. హైదరాబాద్ గద్దె మీద ఒకటో ఆసఫ్ జా నుంచి ఉస్మాన్ అలీ ఖాన్ దాకా పది మంది కూర్చున్నారు. కానీ మనం చెప్పుకునేది ఏడుగురు నిజాములనే. మిగిలిన ముగ్గురు ఎవరు? నాసిర్ జంగ్, ముజఫ్ఫర్ జంగ్, సలాబత్ జంగ్. 1748లో తండ్రి పోయాక నాసిర్ జంగ్, 1750లో ఆయన హత్య తర్వాత మేనల్లుడు ముజఫ్ఫర్ జంగ్, 1751లో సలాబత్ జంగ్. ఈ చివరాయన పదేళ్ళకు పైగా ఏలాడు, కోస్తా సర్కార్లను ఫ్రెంచివాళ్ళకు రాసిచ్చింది ఆయనే. అయినా ఆసఫ్ జా బిరుదు లేదు కాబట్టి వరసలో నంబరు లేదు. 1762లో గద్దెనెక్కిన నిజాం అలీ ఖానే రెండో ఆసఫ్ జా. గుంటూరు, రాజమండ్రి, శ్రీకాకుళం చరిత్రను అంత మలుపు తిప్పిన సలాబత్ జంగ్ నిజాముల జాబితాలో కనిపించకపోవడానికి కారణం ఇది.

ఇక్కడే నాసిర్ ఉద్ దౌలా, అఫ్జల్ ఉద్ దౌలా సంగతి కూడా తేల్చుకోవాలి. వీళ్ళు నాలుగో, ఐదో నిజాములు. ప్రభువై ఉండి దౌలా దగ్గరే ఆగిపోయారా? లేదు, ఇద్దరూ ఆసఫ్ జాలే. ఆసఫ్ జా అంటే ఎవరో చెప్పలేం కదా, అందరూ అదే. అందుకే విడిగా గుర్తించడానికి వాళ్ళ వేరే బిరుదు వాడుకలో నిలిచింది.

ఇప్పుడు అసలు చిక్కుముడికి వద్దాం. ఇవన్నీ వంశపారంపర్యమా?

ఇంగ్లండులో డ్యూక్, మార్క్వెస్, ఎర్ల్, వైకౌంట్, బేరన్ అని ఐదు మెట్లు ఉన్నాయి. డ్యూక్ చనిపోతే సాధారణంగా పెద్ద కొడుకు ఆ క్షణం నుంచీ డ్యూక్. రాజు మళ్ళీ ఇవ్వనక్కర్లేదు. ఆ హోదాను అలా రాసిచ్చారు. హైదరాబాద్‌లో ఆ పద్ధతి లేదు. ఖితాబు మనిషికి ఇచ్చేది, మనిషితో పోయేది. కొడుక్కి కావాలంటే నిజాం మళ్ళీ ఇవ్వాలి, మామూలుగా చిన్న మెట్టు నుంచే మొదలుపెట్టి. పెద్ద ఇళ్ళలో తండ్రి బిరుదునే కొడుక్కి ఇవ్వడం ఆనవాయితీ కాబట్టి బయటివాళ్ళకు అది వారసత్వంలా కనిపించింది. ముగ్గురు సాలార్ జంగ్‌ల రహస్యం ఇదే. మా నాన్నకు తెలియని జవాబు ఇదే. పాయెగాల్లో షమ్స్ ఉల్ ఉమ్రా అనే బిరుదు తరాల తరబడి కనిపించడానికీ కారణం ఇదే.

తరానికి తరానికి దిగేవి వేరే ఉన్నాయి. జాగీరు ఉంది. అది కూడా పూర్తి హక్కు కాదు. జాగీర్దారు పోతే విరాసత్ (వారసత్వ) విచారణ జరిగి, వారసులెవరో తేలి, సర్కారు మంజూరు చేయాలి. ఇంకా కింద, పల్లెలకు దగ్గరగా, దేశ్‌ముఖ్, దేశ్‌పాండే, పటేల్, పట్వారీ అనేవి ఉన్నాయి. అవి బిరుదులు కావు, వతన్లు, అంటే పుట్టుకతో వచ్చే ఉద్యోగాలు. తెలంగాణలో ఒక దేశ్‌ముఖ్ కొడుకు పుట్టుకతో దేశ్‌ముఖ్. హైదరాబాద్‌లో ఒక జంగ్ కొడుకు జంగ్ కాదు. దర్బారులో ఎంతో ఎత్తున కూర్చున్న నవాబుకు లేని భద్రత ఊళ్ళో దొరకు ఉంది. తెలంగాణ రైతులు పోరాడాల్సి వచ్చింది ఎవరితోనో గుర్తుచేసుకుంటే ఈ తేడా చిన్నది కాదని తెలుస్తుంది. ఖితాబులు 1950 నాటికి ముగిసిపోయాయి. పటేల్ పట్వారీ వ్యవస్థ పోవడానికి 1984 దాకా, ఎన్టీఆర్ ప్రభుత్వం దాకా ఆగాల్సి వచ్చింది.

హిందువులకు వేరే నిచ్చెన ఉండేది. రాయ్, రాజా, రాజా బహద్దూర్, మహారాజా. ఇందులో రాజా అన్న మాట మన తెలుగువాళ్ళను బాగా తప్పుదోవ పట్టిస్తుంది. గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాధీశులు నిజాం రాజ్యం కన్నా పాత వంశాలవాళ్ళు. వాళ్ళ రాజరికం వాళ్ళ నేలది. కానీ రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి గారిది అలాంటిది కాదు. పోలీసు కొలువులో చిన్న ఉద్యోగంతో మొదలై, 1920 నుంచి 1934 దాకా హైదరాబాద్ కొత్వాల్‌గా, అంటే నగర పోలీసు అధిపతిగా పనిచేసి, 1918లో రెడ్డి హాస్టల్ పెట్టడంలో ముందుండి నడిపిన మనిషి ఆయన. రాజా బహద్దూర్ నిజాం ఇచ్చిన ఖితాబు. నారాయణగూడలో ఆయన పేరు మీదున్న మహిళా కళాశాల గేటు మీద ఆ మాటలు చూసి ఏదో సంస్థానం రాజుగారనుకునే పిల్లలున్నారు. సంస్థానంలో పుట్టి రాజు కావడం కన్నా ఆయన నడిచిన దారి నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. ఆ పిల్లలకు ఆ సంగతి చెప్పాలి.

మహారాజా కిషన్ పర్షాద్‌ది కూడా సంస్థానం కాదు. చందూలాల్ వంశంలో పేష్కారీ అనే ఉద్యోగం తరాలుగా ఉంది. ఆ హోదా మీద మహారాజా, ఆ పైన యమీన్ ఉస్ సల్తనత్, అంటే రాజ్యానికి కుడిచేయి.

ఇదే కాలంలో కోస్తాలో బ్రిటిష్‌వాళ్ళ నిచ్చెన వేరు. రావు సాహెబ్, రావు బహద్దూర్, దివాన్ బహద్దూర్. కందుకూరి వీరేశలింగం గారికి 1893లో వచ్చింది రావు బహద్దూర్. ఇదీ మనిషితో పోయేదే. ఒకవేళ రావు బహద్దూర్, రాజా బహద్దూర్ ఒకే గదిలో ఉంటే ఎవరు పెద్ద అని అడిగితే జవాబు లేదు. అవి రెండు వేరు సర్కార్ల నిచ్చెనలు, పక్కపక్కన పెట్టి కొలవడానికి కుదరదు. నవాబ్ అనే మాటా అంతే. హైదరాబాద్‌లో జంగ్ వచ్చిన ఉద్యోగికి ముందు నవాబ్ అని రాసేవారు. బనగానపల్లె నవాబు మాత్రం నిజంగానే వంశపారంపర్య పాలకుడు. బ్రిటిష్ లెక్కలో ఆయనకు 9 తుపాకుల వందనం, హైదరాబాద్ నిజాంకు 21.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ నిచ్చెన కింది మెట్టు మీద రద్దీ పెరిగింది. పాత అమీర్లకే కాదు, ఇంజినీర్లకు, జడ్జీలకు, కార్యదర్శులకు జంగ్ ఇవ్వడం మొదలైంది. వాటికి ఒక నమూనా ఉంది. మనిషి సొంత పేరులోంచి ఒక ముక్క తీసుకుని దానికి యార్, నవాజ్, యావర్ లాంటి మాట కలిపి, చివర జంగ్. మహమ్మద్ బహదూర్ ఖాన్ బహదూర్ యార్ జంగ్ అయ్యారు. మీర్ అహ్మద్ అలీ అలీ నవాజ్ జంగ్ అయ్యారు. మంజీరా మీద నిజాంసాగర్ కట్టిన ఇంజినీరు ఈయనే. ఆయన పుట్టిన జూలై 11న తెలంగాణలో ఇంజినీర్ల దినోత్సవం జరుపుకుంటాం. బ్యానర్ల మీద ఖితాబు ఉంటుంది, అమ్మానాన్నలు పెట్టిన పేరు ఉండదు. రెండూ రాస్తే బాగుంటుందని నా కోరిక. నిజామాబాద్ రైతులకు నీళ్ళిచ్చింది ఆ మనిషి చదువు, ఆయన లెక్కలు, ఆయన పని.

ఇంత తెలిశాక ఏడో నిజాం పూర్తి పేరు చదవండి. రుస్తుమ్ ఎ దౌరాన్, అరస్తూ ఎ జమాన్, ఆసఫ్ జా, ముజఫ్ఫర్ ఉల్ ముల్క్ వల్ మమాలిక్, నిజాం ఉల్ ముల్క్, నిజాం ఉద్ దౌలా, నవాబ్ మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ బహద్దూర్, సిపహ్ సాలార్, ఫతే జంగ్. స్కూల్లో దీన్ని బట్టీ పట్టలేక మేం అవస్థ పడ్డాం. కానీ ఇందులో జా ఉంది, ముల్క్ ఉంది, దౌలా ఉంది, ఖాన్ బహద్దూర్ ఉంది, జంగ్ ఉంది. ఇంకొకరు ఒక మెట్టు మీద నిలబడితే నిజాం ఆ మెట్లన్నీ ఒంటి మీద వేసుకున్నాడు. వాటిలో నిజాం ఉల్ ముల్క్, ఫతే జంగ్ అనేవి 1713లో మూలపురుషుడికి ఫరూఖ్‌సియార్ ఇచ్చిన జతే, రెండు వందల ఏళ్ళకు పైగా దాటి వచ్చింది. వీటికి ముందు వచ్చే హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్ మాత్రం ఢిల్లీ పాదుషా ఇచ్చింది కాదు, మొదటి ప్రపంచ యుద్ధంలో చేసిన సాయానికి 1918లో బ్రిటిష్ చక్రవర్తి ఇచ్చింది.

చౌమహల్లాలో దర్బారు జరిగినప్పుడు ఈ మెట్లన్నీ కళ్ళకు కనిపించేవి. తలమీద దస్తార్ అనే తలపాగా, నడుముకు బగ్లూస్ అనే పట్టీ లేకుండా లోపలికి రాకూడదు. హోదా వరసలో ఒక్కొక్కరూ ముందుకు వచ్చి నజరానా పట్టాలి. ముందు రాజకుటుంబం, తర్వాత పాయెగాలు, ఆ తర్వాత సాలార్ జంగ్, కిషన్ పర్షాద్ లాంటి ఇళ్ళవాళ్ళు, ఆ వెనక మిగిలినవాళ్ళు. పాయెగాలు అంత ముందుండటానికి బిరుదొక్కటే కారణం కాదు. ఆ ఇంటికి నిజాముల ఆడపడుచులను ఇచ్చేవారు. రెండో నిజాం కూతురు బషీరున్నిసా బేగం పాయెగా కోడలైంది. బేగంపేట ఆమె పేరే.

1948 సెప్టెంబర్‌లో హైదరాబాద్ భారత్‌లో కలిసిన తర్వాత ఇదంతా త్వరగా ముగిసింది. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. 1950 జనవరి 26న అమల్లోకి వచ్చిన రాజ్యాంగంలోని 18వ అధికరణం, సైనిక, విద్యా గౌరవాలు తప్ప ప్రభుత్వం ఏ బిరుదూ ఇవ్వకూడదని చెప్పింది. పద్మ అవార్డులను పేరుకు ముందో వెనకో తగిలించుకోకూడదని సుప్రీంకోర్టు తర్వాత స్పష్టం చేసిందీ ఈ అధికరణం మీదే. మాజీ పాలకులకు ఇచ్చిన గుర్తింపు, రాజభరణాలు 1971లో 26వ సవరణతో పోయాయి.

ఇచ్చే చేయి లేకపోయినా మాటలు పోలేదు. 1967లో ఏడో నిజాం తర్వాత ఆయన మనవడు మీర్ బర్కత్ అలీ ఖాన్ వారసుడయ్యాడు. ముకర్రమ్ జా అనేది ఆయన బిరుదు. 1960లో ఆయనకు కొడుకు పుట్టాడు. అప్పటికి ఖితాబులిచ్చే దర్బారు లేదు, ఇచ్చే అధికారమూ లేదు. ఆ పిల్లాడికి అజ్మత్ జా అని పేరు పెట్టారు. తండ్రికి హోదాగా వచ్చిన జా కొడుక్కి ఇంటి పేరులా వచ్చింది.